కాంటెస్సా మళ్ళీ వస్తుందా?

'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని మన పెద్దల సామెత. పుట్టని బిడ్డకు పేరు పెట్టి మురిసిపోయేవారిని చూసి ఎవరో గడుసరి అన్న మాట అది. మోటారు వాహనాల లోకంలో ఈ సామెత నేడు కాస్త మారిన రూపంలో కనిపిస్తున్నది. ఇక్కడ బిడ్డ ఒకప్పుడు పుట్టింది, పద్దెనిమిదేళ్ళు రోడ్ల మీద దర్జాగా తిరిగింది, కనుమరుగైంది. పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు ఇటీవల చేతులు మారింది. అంతే, ఆ బిడ్డ మళ్ళీ పుడుతుందని దేశమంతటా అభిమానులు ఎదురుచూడసాగారు. ఆ కారు పేరు కాంటెస్సా.

మన ఖరగ్‌పూర్‌లో ఈ ఎదురుచూపునకు ప్రత్యేక కారణం ఉన్నది. కాంటెస్సా పుట్టిన ఊరు మనకు దూరం కాదు. ఇక్కడ లోకల్ ఎక్కి 115 కిలోమీటర్లు వెళితే హౌరా. అక్కడ బర్ద్వాన్ మెయిన్ లైను బండి ఎక్కితే ఉత్తరపాడా దాటగానే హిండ్‌మోటార్ స్టేషను. హిందూస్థాన్ మోటార్స్ కర్మాగారం పేరే ఆ స్టేషనుకు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్ఖానాలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సుత్తి, రెంచి, లేత్ అనే మాటలు తెలియని ఇల్లు అరుదు. యంత్రం మీద ప్రేమ మన ఊరి గాలిలోనే ఉన్నది. అందుచేత గోల్‌బజారులో టీకొట్టు దగ్గర నలుగురు చేరితే 'కాంటెస్సా మళ్ళీ వస్తుందటగా!' అన్న మాట అప్పుడప్పుడు వినపడటం సహజమే. ఈ ఆశలో నిజమెంత, భ్రమ ఎంత అన్నది ఈ నెల మన శీర్షికలో పరిశీలిద్దాం.

కండ ఎంత, దర్జా ఎంత

అభిమానులు కాంటెస్సాను 'భారతదేశపు మజిల్ కారు' అంటారు. ముందు ఈ బిరుదును కొలబద్దతో కొలవాలి. మజిల్ కారు అన్న మాట అమెరికాది. మధ్యతరహా కారు శరీరంలో పెద్ద కారుకు పెట్టవలసిన ఎనిమిది సిలిండర్ల ఇంజను బిగిస్తే పుట్టేది మజిల్ కారు. ఈ జాతికి ఆద్యునిగా చాలామంది చెప్పేది 1964 నాటి పాంటియాక్ జీటీవోను. దాని ఇంజను 389 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 6.4 లీటర్లు. శక్తి 325 అశ్వశక్తి.

1984లో ఉత్తరపాడాలో పుట్టిన కాంటెస్సా బానెట్ కింద ఉన్నది 1489 సీసీ ఇంజను. అంబాసిడర్‌ను లాగిన ఇంజనే అది. శక్తి సుమారు 50 అశ్వశక్తి. పహిల్వాను చొక్కా తొడుక్కున్న పదేళ్ళ కుర్రవాడిని ఊహించుకోండి. పొడవైన చదునైన బానెట్, విశాలమైన భుజాలు, వెనుక చక్రాల చోదకం, ఇవన్నీ మజిల్ కారు లక్షణాలే. కండ మాత్రం లేదు. 1980ల చివరి భాగంలో జపాను దేశపు ఇసుజు సంస్థ సాంకేతిక సహకారంతో 1817 సీసీ పెట్రోలు ఇంజను, అయిదు గేర్ల పెట్టె వచ్చి చేరాయి. శక్తి 88 అశ్వశక్తికి పెరిగింది. అదే 'కాంటెస్సా క్లాసిక్'. నేడు అభిమానులు తలచుకునేది ముఖ్యంగా ఈ బండినే.

88 అశ్వశక్తి ఈనాడు చిన్న కుటుంబ కారుకు కూడా ఉంటున్నది. కాని ఆనాటి రోడ్డును గుర్తు చేసుకోవాలి. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, కొత్తగా వచ్చిన మారుతి 800లు తిరిగే రోడ్డు అది. వాటి నడుమ కాంటెస్సా నిజంగానే దొరసానిలా కనిపించేది. ఇటాలియన్ భాషలో ఆ మాటకు అర్థం కూడా దాదాపు అదే. మంత్రులు, పెద్ద అధికారులు, ప్రభుత్వ రంగ సంస్థల అధిపతులు దిగే వాహనంగా దానికొక హోదా ఏర్పడింది. కనుక అభిమానులు కాంటెస్సాలో ప్రేమించేది అశ్వశక్తిని కాదు, ఆకారాన్నీ హోదానూ. పునరుద్ధరణ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మరువరాదు.

రెండవ జన్మ కొత్తది కాదు

ఇక్కడ చాలామంది గమనించని విశేషం ఒకటున్నది. కాంటెస్సా పుట్టుకే ఒక పునర్జన్మ. దాని శరీరం ఇంగ్లండులోని వాక్స్‌హాల్ సంస్థది. 1972లో విక్టర్‌గా మొదలై, 1976 నుంచి వీఎక్స్ శ్రేణిగా సాగి, 1978లో అక్కడ ఆగిపోయిన కారు అది. ఆ కారు అచ్చులనూ పనిముట్లనూ హిందూస్థాన్ మోటార్స్ కొని తెచ్చి, ఉత్తరపాడాలో బిగించి, 1984లో కొత్త పేరుతో రోడ్డెక్కించింది. అంతకు ముందు అంబాసిడర్ విషయంలో జరిగినదీ ఇంచుమించు ఇదే. అది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. అక్కడ అది కొద్ది సంవత్సరాలలో ముగిసింది, ఇక్కడ 2014 వరకు బతికింది.

అంటే ఉత్తరపాడా కర్మాగారం పేరును గాక అచ్చులను కొన్నది. నమూనా పటాలు, ప్రెస్సులు, జిగ్గులు, వాటిని వాడటం తెలిసిన చేతులు, ఇవన్నీ కలిసినందువల్లనే ఆ రెండవ జన్మ సాధ్యమైంది. తరువాత గుండె మారింది, అంటే ఇసుజు ఇంజను వచ్చింది. అయినా 'ఇది కాంటెస్సా కాదు' అని ఎవరూ అనలేదు. పైగా దానినే అసలైన కాంటెస్సాగా ఆదరించారు. ఇంజను మారితే ఆత్మ పోతుందని వాదించే అభిమానులు ఈ చరిత్రను ఒకసారి నెమరువేసుకోవాలి.

1990ల మధ్యలో విదేశీ సంస్థలు మన దేశంలో అడుగుపెట్టాయి. తేలికైన శరీరం, తక్కువ ఇంధన వినియోగం, నిశ్శబ్దమైన ఇంజను గల కార్లు వచ్చాయి. డీజిలు ఇంజనుతో కూడా కాంటెస్సా ఆ పోటీకి నిలువలేకపోయింది. 2002లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. 2014 మే 24న ఉత్తరపాడా కర్మాగారంలో పని నిలిపివేశారు. రెండు వేలకు పైగా కార్మికుల జీవనాధారం ఆ రోజుతో ప్రశ్నార్థకమైంది. స్టేషను బోర్డు మీద మాత్రం హిండ్‌మోటార్ అన్న పేరు నిలిచే ఉన్నది. రైలు ఆగుతుంది, జనం దిగుతారు, కారు మాత్రం రాదు.

పేరు ఎక్కడికి పోయింది

అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్సు దేశపు పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ వర్గం 2021లో మన దేశంలో కార్ల అమ్మకం మొదలుపెట్టినప్పుడు సిట్రోయెన్ పేరుతో వచ్చింది గాని అంబాసిడర్ పేరు వాడలేదు. 2022 జూన్‌లో కాంటెస్సా పేరును ఎస్.జి. కార్పొరేట్ మొబిలిటీ అనే సంస్థకు బదిలీ చేసేందుకు ఒప్పందం చేసుకున్నట్లు హిందూస్థాన్ మోటార్స్ ప్రకటించింది. విద్యుత్ కాంటెస్సా వస్తుందన్న ఊహలు ఆ వెంటనే మిన్నంటాయి. ఇంతవరకు ఆ పేరుతో కారు బజారుకు రాలేదు.

బదిలీ అయినది వ్యాపార చిహ్నం. అచ్చు కాదు, ఇంజను కాదు, కర్మాగారం కాదు. పేరు కొన్నవారు కారు చేయలేరని నా భావం కాదు. పేరు ఒక్కటే కారు కాజాలదని మాత్రమే మనవి.

ఇతరుల అనుభవం

ఇటువంటి పునరుద్ధరణలు అమెరికాలో ఎన్నో జరిగాయి. వాటి ఫలితాలు మనకు పాఠాలు. 2004లో జీటీవో పేరును మళ్ళీ తెచ్చారు. ఆస్ట్రేలియాలో తయారైన మొనారో కారుకే ఆ పేరు పెట్టారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, 350 అశ్వశక్తి, కండకు ఏ కొరతా లేదు. కాని ముఖం చూస్తే పాత జీటీవో జ్ఞాపకం రాలేదు. 2006తో కథ ముగిసింది. ఇందుకు భిన్నంగా, 2005 నమూనా మస్టాంగ్ తన 1960ల రూపురేఖలను మళ్ళీ ధరించి వచ్చి ప్రజాదరణ పొందింది. కాంటెస్సా ఆగిన 2002లోనే ఆగిపోయిన షెవర్లే కమారో 2009లో తిరిగి వచ్చి, 2024 ఆరంభం దాకా నడిచింది.

మరొక అనుభవం డాడ్జ్ ఛార్జర్‌ది. ఎనిమిది సిలిండర్ల ఛార్జర్ 2023తో ఆగింది. 2024లో అదే పేరుతో విద్యుత్ కారు వచ్చింది. వేగంలో పాతదానికి తీసిపోదు. ఇంజను గర్జన లేని లోటు తీర్చటానికి కృత్రిమ ధ్వనిని పుట్టించే ఏర్పాటు కూడా చేశారు. అభిమానులు మాత్రం పూర్తిగా సమాధానపడలేదు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో కూడా ఆ కారు వచ్చింది.

మన దేశానికి వద్దాం. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. జావా మోటారు సైకిలు 2018లో తిరిగి వచ్చింది, 2022లో యెజ్డీ వచ్చింది. ఆ పేర్ల వెనుక మహీంద్రా వంటి సంస్థ అండ, పీథంపూర్‌లో నడుస్తున్న కర్మాగారం ఉన్నాయి. బజాజ్ చేతక్ 2020లో విద్యుత్ స్కూటరుగా వచ్చింది. టాటా సియెర్రా 2003లో వెళ్ళి, 2025 నవంబరులో తిరిగి వచ్చింది. ఈ పేర్లన్నిటి వెనుక యంత్రాన్ని తయారుచేసే శక్తి గలవారు ఉన్నారు. కాంటెస్సా విషయంలో తేలవలసినది కూడా ఇదే: చేసేది ఎవరు, ఎక్కడ, ఏ వేదిక మీద?

నిబంధనల గీటురాయి

పాత అచ్చులు దొరికినా పాత కాంటెస్సాను యథాతథంగా నేడు తయారుచేసి అమ్మటం సాధ్యం కాదు. 2017 అక్టోబరు 1 నుంచి కొత్త నమూనాలకు, 2019 అక్టోబరు నుంచి అన్ని కార్లకు ఢీకొనే పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2019లోనే ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు నియమం వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ ఆరవ దశ ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

ఈ నియమాల ప్రభావం ఆకారం మీద కూడా పడుతుంది. కాంటెస్సా అందం దాని సన్నని స్తంభాలలో, పల్చని పైకప్పులో, చదునైన బానెట్‌లో ఉన్నది. కారు బోల్తా పడినా కప్పు నలగకూడదంటే స్తంభాలు లావెక్కాలి. పాదచారి తల బానెట్‌కు తగిలినా ప్రాణం నిలవాలంటే బానెట్ రేకుకు, ఇంజనుకు నడుమ ఖాళీ ఉండాలి. అప్పుడు బానెట్ ఎత్తు పెరుగుతుంది. విద్యుత్ కారైతే బ్యాటరీ నేలకింద పరుచుకుంటుంది; సీటు, దానితో బాటు కప్పు పైకి లేస్తాయి. కనుక రేపు కాంటెస్సా వచ్చినా అది కొంత ఎత్తుగా, కొంత బొద్దుగా ఉంటుంది. ఆ తేడా వల్ల ప్రాణాలు దక్కుతాయి గనుక దానిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఉన్న బండ్ల మాట

రాబోయే కారు కోసం ఎదురుచూస్తూ ఉన్న కార్లను మరచిపోవటం అభిమానుల లక్షణం కారాదు. వాటి పరిస్థితిని లెక్కగట్టి చూద్దాం. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు. తరువాత అయిదేళ్ళకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2025 ఆగస్టులో సవరించిన నిబంధనలు 20 సంవత్సరాలు దాటిన కారుకు పొడిగింపు రుసుమును 10,000 రూపాయలుగా నిర్ణయించాయి. 2002లో పుట్టిన చివరి కాంటెస్సాకు కూడా 20 నిండాయి. అంటే దేశంలోని కాంటెస్సాలన్నీ ఈ పద్దులోకే వస్తాయి. పాత బండిని తుక్కుకు ఇచ్చి కొత్తది కొంటే రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చునన్న విధానం మరొక వైపు నుంచి లాగుతున్నది.

'వింటేజ్' హోదా తెచ్చుకుందామా అంటే, 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 సంవత్సరాలు నిండాలి, అసలు రూపం చెప్పుకోదగినంతగా మారి ఉండరాదు. తొలి కాంటెస్సాకు ఆ గౌరవం దక్కేది 2034లో. చివరిదానికి 2052లో. పైగా వింటేజ్ వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతుకు నడపవచ్చును గాని నిత్యం ఆఫీసుకు వెళ్ళిరావటానికి వీలు లేదు. ఈనాటి కాంటెస్సా వయసు రీత్యా యువతి కాదు, గౌరవనీయురాలైన వృద్ధురాలూ కాదు. రిటైరయి, పింఛను ఇంకా మంజూరు కాని ఉద్యోగి స్థితి దానిది. ఈ నడిమి సంవత్సరాలలోనే ఎక్కువ బండ్లు తుక్కుకొట్టుకు చేరుతాయి. అసలు ప్రమాదం ఇక్కడ ఉన్నది.

ఈ గండం దాటించేది పేరు కాదు, విడి భాగం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, ముందు అద్దం, వెనుక దీపాల గాజు, స్టీరింగు కీళ్ళు, ఇసుజు ఇంజను గాస్కెట్లు, ఇవి దొరకకపోతే బండి షెడ్డులో నిలిచిపోతుంది. ఆరు నెలలు నిలిచిన బండిలో బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, పెట్రోలు ట్యాంకు తుప్పు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఆ తరువాత తుక్కు వ్యాపారి చెప్పిన ధరే ధర.

మన ఊరు నేర్పిన పాఠం

విడి భాగం దొరకనప్పుడు ఏం చేయాలో ఖరగ్‌పూర్‌కు ఒకరు చెప్పవలసిన పని లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కోసం ఇంగ్లండులోని బెయర్ పీకాక్ సంస్థ తయారుచేసిన 'ఎన్' తరగతి గారట్ ఇంజనును మన పెద్దలు ఎరుగుదురు. ఒకే బాయిలరు, దానికి ముందొకటి వెనుకొకటిగా రెండు ఇంజన్లు, 230 టన్నులకు పైబడిన బరువు. మన దేశంలో నడిచిన అత్యంత భారీ ఆవిరి ఇంజన్లు అవి. ఆవిరి యుగం ముగిసింది, గారట్‌లు తుక్కయ్యాయి, ఒకటి ఢిల్లీ మ్యూజియం చేరింది. మిగిలిన 811 నంబరు ఇంజనుకు మన కార్ఖానా మళ్ళీ ప్రాణం పోసింది. 2006లో అది తన ఆవిరితో తాను పట్టాల మీద పరుగెత్తింది.

దానికి కావలసిన భాగాలు ఏ దుకాణంలోనూ అమ్మరు. తయారుచేసిన సంస్థే ఏనాడో మూతపడింది. కొలత తీసి, పటం గీసి, పోత పోసి, మరలో తిప్పి భాగాన్ని చేసుకోవటం తెలిసిన చేతులు ఉండబట్టి ఆ పని జరిగింది. పునరుద్ధరణ అన్న మాటకు ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఇక్కడ ఎవరూ పేరును కొనలేదు, విద్యను నిలుపుకున్నారు.

ఆవిరి ఇంజనుకు సాధ్యమైనది మోటారు కారుకు అసాధ్యం కాదు. పైగా నేడు వస్తువును స్కానరుతో కొలిచి కంప్యూటరులో పటం తీయటం సులభమైంది. ఒక్క గాస్కెటుకు, ఒక్క రబ్బరు బీడింగుకు సరైన పటం గీసి పదిమంది యజమానులు కలిసి వంద ముక్కలు చేయించుకుంటే, అది వంద వార్తలకంటె కాంటెస్సాకు ఎక్కువ మేలు చేస్తుంది. పదవీ విరమణ చేసిన ఫిట్టర్లు, టర్నర్లు, పోతపని వారు మన పేటల్లో ఎందరో ఉన్నారు. వారి పక్కన ఒక ఐటీఐ విద్యార్థి కూర్చుని ఆ కొలతలు రాసుకుంటే కారుతో బాటు విద్య కూడా నిలుస్తుంది.

ఇక ఉత్తరపాడా సంగతి. కాంటెస్సా వస్తే ఆ కర్మాగారం తెరుచుకుంటుందని ఆశించేవారు రెండు ఆశలను ఒకటిగా కలుపుతున్నారు. కారు వేరొక చోట తయారు కావచ్చు. ఉత్తరపాడాలో వేరొక వస్తువు తయారు కావచ్చు. రెండవది ఇప్పటికే జరుగుతున్నది. ఉత్తరపాడాలోనే టిటాగఢ్ సంస్థ మెట్రో పెట్టెలు తయారుచేస్తున్నది. 2023లో వందే భారత్ స్లీపరు రైళ్ళు 80 తయారుచేసే కాంట్రాక్టు ఆ సంస్థకూ, ప్రభుత్వ రంగంలోని భెల్‌కూ ఉమ్మడిగా లభించింది. కారు చేసిన ఊరు రైలు చేయటం రైల్వే పట్టణ వాసులమైన మనకు కొంత ఊరటే.

కాంటెస్సా మళ్ళీ వస్తుందా? పేరు వరకు ఎప్పుడైనా రావచ్చు. చేసే శక్తి గలవారు పూనుకుంటే మంచి కారుగా కూడా రావచ్చు. వస్తే ఆ పొడవైన ముఖాన్నీ, వెనుక చక్రాల నడకనూ నిలుపుకుని రావాలని కోరుకుందాం. గుండె పెట్రోలుదైనా విద్యుత్తుదైనా పేచీ పెట్టకుండా స్వాగతిద్దాం. అంతవరకు, మీ ఇంటి షెడ్డులోనో మీ బంధువుల ఇంటి ముంగిట్లోనో ఒక కాంటెస్సా నిలిచి ఉంటే, దాని రిజిస్ట్రేషను గడువు ఎప్పటితో ముగుస్తుందో ఒకసారి చూడండి. వారానికొకసారి ఇంజను తిప్పండి. 2034 ఇంకా దూరమే అయినా, అక్కడిదాకా దానిని నడిపించవలసినది మనమే.